మణికట్టుకు తాడు

ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే ఊళ్లో అందరూ ఇంటి కప్పు చూసుకునేవాళ్లు. మా మామ మాత్రం బందూకు వంక చూసేవాడు. గాలి రోజున దుప్పి వేటకు పోకూడదని ఆ అడవి అంచు పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. టేకాకుల చప్పుడులో ఏ చప్పుడూ వినపడదు, దుప్పి ఎటునుంచి లేస్తుందో తెలియదు, మన వాసన ఎటు పోతుందో అసలే తెలియదు. పైగా గాలి రోజున దుప్పి కాపురానికొచ్చిన కొత్త కోడలిలా ఉంటుంది, ఉత్తపుణ్యానికి ఉలిక్కిపడుతుంది. ఇవన్నీ మామకు అందరికంటే బాగా తెలుసు. అయినా ఆయనకు గాలి రోజే కావాలి. ఎందుకంటే ఆయనకు చెవులు వినపడవు.

మామ అంటే నా భార్య తండ్రి. బెల్లంపల్లి దగ్గర బొగ్గు బాయిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు. బొగ్గు గోడకు తూట్లు పొడిచి, మందు దట్టించి పేల్చడం ఆయన పని. రోజూ ఆ మోత వినీ వినీ మొదట ఎడమ చెవి, తర్వాత కుడి చెవి సెలవు పుచ్చుకున్నాయి. ఇక చాలనుకుని పని విడిచి, ఆసిఫాబాదుకు ఎగువన జైనూరు గుట్టల దారిలో ఉన్న సొంతూరికి వచ్చేశాడు. నాలుగెకరాల జొన్న చేను, ఒక జత ఎడ్లు, పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న ఒక బందూకు, ఇవీ ఆయన ఆస్తి. ఆ బందూకు నోట్లోంచి మందు దట్టించి పేల్చే పాతకాలపుది. ఒక్క దెబ్బ కొట్టామంటే రెండో దెబ్బకు తయారయ్యేలోపు దుప్పి పక్క ఊరు చేరుతుంది. ఇప్పటి అడవి చట్టాలు అప్పుడు లేవు. మొలకెత్తిన జొన్న మీద దుప్పుల మంద పడితే ఆ ఏడాది గటక వండుకోవడానికి గింజ ఉండదు, అందుకని సర్కారే బందూకుకు కాయితం రాసిచ్చేది.

నేనేమో అదే బాయి పైన ల్యాంపు రూములో గుమస్తాను. దిగేవాళ్లకు దీపం ఇచ్చి వాళ్ల నంబరు బిళ్ల తీసుకోవడం, ఎక్కొచ్చినవాళ్ల దీపం తీసుకుని బిళ్ల ఇవ్వడం నా ఉద్యోగం. బొగ్గు అంటని బొగ్గు కొలువు. మామ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, ఇద్దరమే ఉంటే అల్లుడా అనేవాడు, నలుగురిలో ల్యాంపు రూమోడా అనేవాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తెలిసింది, ఆయన ఇష్టమైనవాళ్లకే పేర్లు పెడతాడని.

ఆ ఏడాది ఎండాకాలంలో ఒక సంగతి జరిగింది. ఊరివాళ్లందరూ కలిసి వేటకు పోయారు. ఆ వేటకు ఒక పద్ధతి ఉండేది. కొందరు అడవిని చుట్టుకుని అరుచుకుంటూ, డప్పు కొట్టుకుంటూ మృగాన్ని తరుముతారు. ఇద్దరు ముగ్గురు బందూకులతో ఎదురుగా మాటు వేసి కూర్చుంటారు. తరిమేవాళ్లు దగ్గరికి రాగానే మూడుసార్లు కేక వేస్తారు. ఆ కేక వినపడిందంటే బందూకులన్నీ ఆకాశం వైపు తిరగాలి, ఎదురుగా ఏనుగు వచ్చినా సరే. ఆ రోజు మామకు ఆ కేక వినపడలేదు. ఆలస్యంగా లేచిన ఒక దుప్పి పొదలోంచి దూకింది, ఆయన కొట్టాడు. దెబ్బ పోయి, తరుముకుంటూ వస్తున్న ఒక కుర్రవాడి తలకు జానెడు పైన ఉన్న కొమ్మను విరిచింది.

ఆ కుర్రవాడు వేట జట్టును నడిపించే పెద్దమనిషి కొడుకు. జట్టు పెద్ద ఎవరో కాదు, మా అత్తకు తోడబుట్టిన అన్న, మామకు బావ. ఆయన ఏమన్నా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తర్వాతి వేటకు పిలవలేదు, అంతే. పిలవకపోగా, సాయంత్రం పోగు పంపాడు. అక్కడ వేటకూరను పోగులు పెట్టే పద్ధతి ఒకటుంది. నడిచిన మనిషికల్లా ఒక పోగు, బందూకుకు ఒక పోగు, కుక్కలకు ఒక పోగు. అన్నీ అయ్యాక నడవలేని ముసలివాళ్లకు, మగదిక్కు లేని ఇళ్లకు ఒక్కొక్క పోగు. దాన్ని కూచున్నవాళ్ల పోగు అంటారు. మామ ఇంటికి ఆ రోజు వచ్చింది ఆ పోగు.

మామ పోగు చుట్టిన ఆకు విప్పి చూశాడట. మళ్లీ మడిచి అత్త చేతికిచ్చాడట.

“తీస్కపొయ్యి ఇచ్చిరా. నేనింకా కూసోలే.”

అప్పటినుంచి ఆయన ఒంటరిగా పోవడం మొదలుపెట్టాడు, అదీ గాలి లేచిన రోజునే. అత్త పరేషాను అయిపోయింది. బందూకును తాలూకా కచేరీలో అప్పజెప్పించాలని ఆమె అన్న పట్టుబట్టాడు. మామ ముందు ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు, అన్నా వినపడదు కాబట్టి ఎవరూ అనలేదని కూడా చెప్పుకోవచ్చు.

ఇందులోకి నేను ఎలా వచ్చానంటే, ఆషాఢం వల్ల. అప్పటికి నా పెళ్లయి నాలుగు నెలలు. ఆషాఢం రాగానే మా ఇంటిదాన్ని పుట్టింటికి తీసుకుపోయారు. ఆ నెల కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. తొక్కకూడదని ఎవరు పెట్టారో గాని వాడికి కొత్తగా పెళ్లయి ఉండదు. నేను పదిహేను రోజులు ఓర్చుకున్నాను. తర్వాత నాలుగు రోజులు సెలవు పెట్టి బస్సెక్కాను. గడప తొక్కకూడదు కదా, అందుకని జట్టు పెద్ద ఇంట్లో దిగాను. మా ఇంటిది నీళ్లకు పోతూ ఆ ఇంటి ముందునుంచే పోయేది, మామూలుగా రెండుసార్లు నీళ్లు తెచ్చేది ఆ రోజుల్లో ఆరుసార్లు తెచ్చింది. అత్త చూసీ చూడనట్టు ఉండేది. నా బతుక్కి అదే కాపురం.

రెండో రోజు సాయంత్రం గాలి లేచింది. మామ జట్టు పెద్ద వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. బావతో మాట్లాడలేదు, నాతోనే అన్నాడు.

“రేపు నా ఎంట రా అల్లుడా. అడవికి గడప లేదు గదా.”

మామ వెళ్లిపోయాక జట్టు పెద్ద నా పక్కన కూర్చున్నాడు. చుట్ట వెలిగించి, గాలికి అది ఆరిపోతే మళ్లీ వెలిగించి, మెల్లగా చెప్పాడు. మామ మీద తానేమీ పగ పట్టలేదని, కొడుకు తల పగిలి ఉంటే చెల్లెలి మొహం ఎలా చూసేవాడినని, ఊళ్లో అందరి పిల్లలూ ఆ అడవిలోనే తిరుగుతారని చెప్పాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. చివరికి అసలు మాట అన్నాడు.

“నువ్వెట్లా పోతున్నవ్ గదా, సూసి చెప్పు. పనికొస్తడంటే మల్ల జట్టుల కలుపుకుంట. రాడంటే గా బందూకు నేనే కచేరీల పెట్టిపిస్త. నువ్వేది చెప్తె గదే.”

దీపాలు లెక్క చూసుకునే మనిషిని తెచ్చి ఒక వేటగాడి బతుకు మీద తీర్పరిని చేశారు. ఒద్దనే ధైర్యం లేదు, ఊ అనే మనసు లేదు. ఊరికే తల ఊపాను.

తెల్లారి పొద్దు పొడిచాక బయల్దేరాం. ఊరి బయట మామ సంచిలోంచి జనుపతాడు ఒకటి తీశాడు, మూడు బారల పొడుగు ఉంటుంది. ఒక కొస తన ఎడమ మణికట్టుకు కట్టుకున్నాడు, రెండో కొస నా ఎడమ మణికట్టుకు కట్టాడు. కడుతూనే చెప్పాడు. ఒకసారి గుంజితే ఆగు. రెండుసార్లు గుంజితే నడువు. మూడుసార్లయితే వెనక్కి. ఇది బాయిలో గంట లెక్కే. బొగ్గు బండ్లను కిందికి దింపే, పైకి లాగే ఇంజను మనిషికి కింద ఏముందో కనపడదు. గంటే ఆయనకు కన్ను. ఒకటి కొట్టారంటే ఎక్కడున్నవాడు అక్కడ ఆపేస్తాడు, ఎందుకని తర్వాత అడుగుతాడు. ల్యాంపు రూములో కూర్చున్నా ఆ లెక్క నాకూ తెలుసు. మామకు మాత్రం నా మీద అనుమానమే, మూడుసార్లు చెప్పించుకున్నాడు.

అప్పుడే జట్టు పెద్ద చేనుకు పోతూ ఎదురయ్యాడు. మా ఇద్దరి చేతులకూ ఉన్న తాడు చూసి నవ్వాపుకోలేకపోయాడు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదబోతున్నారని నాతో అని పోయాడు. మామకు వినపడలేదు. కాని ఆయన పెదాలు చూసి మాట పట్టుకోగలడని నాకు అప్పటికి గుర్తు లేదు.

దారిలో నలుగురు ఆడవాళ్లు గంపలతో కనపడ్డారు. వానకు వెదురు కొమ్ములు, అదే కూర వండుకునే లేత మొలకలు, లేచే రోజులవి, వాటికోసం అడవికి పోతున్నారు. వాళ్లు ఒక వంక మళ్లారు, మేము ఒక వంక మళ్లాం.

అడవిలోకి పోయాక గాలి అంటే ఏమిటో నాకు తెలిసింది. టేకాకు చాట అంత ఉంటుంది, అలాంటి వెయ్యి చాటలు ఒక్కసారి చెరిగినట్టుగా మోత. నా అడుగుల చప్పుడే నాకు వినపడలేదు. ఎక్కడో కొమ్మ విరుగుతుంది, ఎక్కడో తెలియదు. నేను తలను అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడ పట్టేసుకున్నాను. మామ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆయన చెంప మీద గాలి తగలనిస్తూ నడుస్తున్నాడు. గాలి ఒక్క తీరుగా వీచదు, తెరలు తెరలుగా వస్తుంది. తెర వచ్చినప్పుడు ఆయన నాలుగడుగులు వేస్తాడు, తెర తగ్గగానే చెట్టులా నిలబడిపోతాడు. మళ్లీ తెర రాగానే నాలుగడుగులు. నేను చెవులతో ఆ తెరను పట్టుకుందామని చూసి ప్రతిసారీ ఒక అడుగు ఎక్కువ వేసేవాణ్ని. తాడు బిగుసుకునేది. ఆయన వెనక్కి చూసి నవ్వేవాడు.

ఒకచోట పెద్ద బండ చాటున ఆగాం. అక్కడ గాలి తగలదు. ఆయన తాడు ముడి విప్పి, సంచిలోంచి బూడిద చిటికెడు తీసి వదిలాడు. అది ముందుకు పోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, నేల మీద రాలింది. దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, బాయిలో గాలి ఎలా తిరుగుతుందో అడవిలోనూ అలాగే తిరుగుతుందని. ముందర పెద్ద ఒర్రె ఉంది, అది వాన నీళ్లు తెగ్గోసిన లోతైన కాలువ. గాలి రోజున దుప్పులు దాని లోపలి ఒడ్డున, గాలి తగలని వంక పడుకుంటాయి. గాలి పైనుంచి దాటిపోతుందని వాటి ధీమా. కాని ఒర్రె మలుపు దగ్గర గాలి సుడి తిరిగి లోపలికి దిగుతుంది. ఆ సుడి ఎటు తిరుగుతుందో తెలుసుకోకుండా పోతే మన వాసన తిన్నగా వాటి ముక్కులోకే. బాయిలో గాలి ఆడని చోట దీపం ఎలా మినుకుమంటుందో చూసినవాడికి ఇది పెద్ద విద్య కాదట.

“గాలి రోజున అందరం చెవిటోళ్లమే అల్లుడా. దుప్పి గూడ. నాకు గీ చెవుడు అలవాటయ్యింది. మీకు కాలే. గంతే తేడా.”

పోగొట్టుకున్నదాన్ని ఇలా పనికి పెట్టుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత కూడా ఒకరిద్దరినే చూశాను.

నన్ను బండ చాటున కూర్చోమని చెప్పి ఆయన ఒక్కడే ఎటో పోయాడు. అరగంటకు పైగా అయింది. కాలకృత్యానికి పోయాడేమో అనుకున్నాను. అరగంట అంత పెద్ద కాలకృత్యం ఏమిటని కూడా అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి తలకు ఉన్న ఎర్ర రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నట్టుంది, వంకరగా ఉంది. ఎక్కడికి పోయావని అడగలేదు. తాడు మళ్లీ కట్టుకుని బయల్దేరాం.

ఒర్రె అంచుకు చేరడానికి నూరడుగులు ఉంటాయేమో. ఆ నూరడుగులకు మాకు గంట పట్టింది. చివరి ఇరవై అడుగులు మోకాళ్ల మీద పాకాం. అంచున ఒక తుప్ప ఉంది. దాని సందులోంచి మామ కిందికి చూసి, వెనక్కి చేయి చాపి నా భుజం నొక్కాడు. నేనూ చూశాను.

ఆరు దుప్పులు. ఐదు ఆడవి, ఒకటి మగది. మగదాని కొమ్ములు ఇంకా లేత తోలులోనే ఉన్నాయి. నలభై అడుగుల దూరం కూడా లేదు. పడుకుని నెమరు వేస్తున్నాయి. గాలి పైన గోల చేస్తోంది, కింద వాటి వీపు మీద వెంట్రుక కూడా కదలడం లేదు. అంత దగ్గరగా, అంత నిమ్మళంగా ఉన్న దుప్పిని చూడడం నాకు అదే మొదటిసారి. దాని చెవి ఒకటి ఊరికే తిరుగుతోంది. మేము వచ్చిన సంగతి ఆ చెవికి తెలియదు. ఊళ్లో రెండు చెవులూ ఉన్న ఏ వేటగాడూ గాలి రోజున అంత దగ్గరికి పోలేడు.

మామ బందూకు ముందుకు చాపాడు. మగది మెల్లగా లేచి నిలబడింది, ఒళ్లు విరుచుకుంది, పక్కకు తిరిగింది. ఇంతకంటే మంచి సమయం వేటగాడికి జన్మలో రెండుసార్లు రాదు. నిజం చెప్పాలంటే నేను అప్పటికే జట్టు పెద్దకు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను. దుప్పిని భుజాన వేసుకుని ఊళ్లోకి పోతే ఇక నేను చెప్పడానికి ఏముంటుంది అనుకున్నాను.

అప్పుడు నా కన్ను దుప్పి దాటి పోయింది. అవతలి ఒడ్డు మీద, సరిగ్గా బందూకు సూటికి, తుప్పల్లో ఎర్రగా ఏదో వంగి లేచింది. మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. వెదురు కొమ్ములకు వచ్చిన మనిషి. చీర కొంగు. పొద్దున చూసిన నలుగురిలో ఒకామె.

నేను తాడు ఒకసారి గుంజాను.

మామ చూపుడు వేలు అప్పటికే బిగుస్తోంది, నేను చూశాను. ఆ వేలు ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఏమిటని అడగలేదు. భుజం కూడా ఎగరెయ్యలేదు. బందూకు కొసను మెల్లగా ఆకాశం వైపు ఎత్తి, వేలు తీసేసి, అలాగే ఉండిపోయాడు. ముందర దుప్పి ఇంకా నిలబడే ఉంది. ఎంతసేపో నిలబడింది. ఇప్పుడు తలుచుకున్నా ఆ కాసేపు నాకు ఒక పూటలా అనిపిస్తుంది. ఆయన చేతికి అందేంత దగ్గరలో ఆయన పోగొట్టుకున్నదంతా నిలబడి ఉంది. నా నుంచి రెండు గుంజుళ్లు వస్తే చాలు. నేను గుంజలేదు. తర్వాత గాలి సుడి తిరిగి ఒర్రెలోకి దిగింది, మగది ముక్కు ఎత్తింది, కాలు నేలకేసి కొట్టింది, ఆరూ ఒక్కసారే లేచి మలుపు తిరిగి మాయమయ్యాయి.

అంత అలజడి జరిగినా అవతలి ఒడ్డున ఆ ఎరుపు కదల్లేదు. అంటే, ఉన్నచోటే వంగుతూ లేస్తూ ఉంది. మనిషైతే దుప్పులు లేచిన గోలకు తల ఎత్తి చూడాలి కదా.

ఒర్రె దిగి అవతలి ఒడ్డు ఎక్కాం. తుప్ప కొమ్మకు రుమాలు పేలిక ఒకటి కట్టి ఉంది, జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. ఎర్రది. మామ తల మీది రుమాలులోంచి చింపినది. అవతలి ఒడ్డున గాలి ఎటు తిరుగుతుందో ఇవతలినుంచి చూసుకోవడానికి పొద్దున ఆ అరగంటలో ఆయనే చుట్టూ తిరిగి వచ్చి కట్టాడు. నేను ఆయన రుమాలు పేలికను చూసి ఆడమనిషిని అనుకున్నాను.

నాకు ఏడుపు వచ్చింది. ఉత్త మాట కాదు, కళ్లనీళ్లు వచ్చాయి. మామ పేలిక విప్పి, దులిపి, సంచిలో పెట్టుకున్నాడు. చెట్టు చాటుకు వచ్చాక ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, నా పెదాలు కనపడేట్టుగా అడిగాను. ఆ గుడ్డ కట్టింది నువ్వే కదా మామా, అక్కడ మనిషి లేదని నీకు తెలుసు కదా, ఎందుకు కొట్టలేదని.

ఆయన నన్ను వింతగా చూశాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

“నేను కట్టిన యాళ్లకు ఎవలు లేరు. నువ్వు గుంజిన యాళ్లకు ఉన్నరో లేరో నాకేమెర్క? ఎనుకనుంచి సూసెటోనివి నువ్వు. ఒకటంటే ఒకటే అల్లుడా. ఎందుకని అడుక్కుంట కూసుంటె బాయిల మనుషులు మిగులుతరా?”

అంతే. తిరిగి వచ్చేటప్పుడు హుషారుగానే ఉన్నాడు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అని నన్ను ఆటపట్టించాడు. దుప్పి లేత కొమ్ములతో ఉంది, బతికిపోయిందిలే, కొమ్ములు ముదిరాక దాని సంగతి చూద్దామన్నాడు. ఊరు కనపడేచోట తాడు విప్పి నా చేతిలో పెడుతూ, నా వంక చూడకుండా, ఒక మాట చెప్పాడు. బావ నిన్ను నా మీద కావలి పెట్టాడని నాకు తెలుసు, కుక్కతోక మాట కూడా పెదాల మీద చూశాను, నువ్వు ఫికర్ పెట్టుకోకు, చూసింది చూసినట్టు చెప్పు అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అన్నీ తెలిసి కూడా బందూకు కొసను ఆకాశానికి ఎత్తాడన్నమాట. ఆ దుప్పిని మోసుకుపోతే ఊరు నోరు మూసుకునేదని తెలిసి, నేను పిరికివాణ్నని తెలిసి, ఆ గుడ్డ తనదేనని తెలిసి.

సాయంత్రం జట్టు పెద్ద వాకిట్లో కూర్చున్నాను. ఉత్త చేతులతో వచ్చామని ఆయనకు ముందే తెలిసింది. ఆయన కొడుకు, ఆ కొమ్మ విరిగిన కుర్రవాడు, గొడ్డలికి సాన పెడుతున్నాడు. నేను ఒక్కటీ దాచకుండా చెప్పాను. నేను గుడ్డను చూసి మనిషి అనుకోవడం, తాడు గుంజడం, వేలు ఆగడం, దుప్పి అంతసేపు నిలబడడం, ఆ గుడ్డ ఎవరు కట్టారో, ఆయన నాతో ఏమన్నాడో. చెప్తూ ఉంటే సాన చప్పుడు ఆగిపోయింది. నా మూర్ఖత్వానికి వాళ్లు నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

జట్టు పెద్ద వెలిగించబోయిన చుట్టను చెవి సందున పెట్టుకున్నాడు. తర్వాత ఆ తాడు ఏదని అడిగాడు. నా దగ్గరే ఉంది, ఇచ్చాను. రెండు చేతులతో చాపి చూశాడు, గుంజి చూశాడు.

“జర పొట్టిగున్నది” అన్నాడు.

మరునాడు నేను బాయికి వచ్చేశాను, దీపాల దగ్గరికి. బందూకు కచేరీకి పోయిందో లేదో తెలియదు. ఉత్తరం రాసే అలవాటు వాళ్లకు లేదు. షిఫ్టు దిగేటప్పుడు గంట ఒకటి మోగిందంటే నా ఎడమ చేయి దానంతట అదే ఆగిపోయేది. పక్కన పనిచేసేవాళ్లు చూసి నవ్వుకున్నారు కూడా.

శ్రావణం రాగానే మా ఇంటిదాన్ని దింపడానికి జట్టు పెద్ద కొడుకే వచ్చాడు. నేను వాడినేమీ అడగలేదు, భయమేసింది. మా ఇంటిది మూట విప్పి టేకాకు పొట్లం ఒకటి నా ముందు పెట్టింది. పొయ్యి మీద పొగకు ఎండిన దుప్పి తునకలు. అప్పుడు చెప్పింది.

జట్టు మళ్లీ వేటకు పోయిందట. జట్టు పెద్దే ఇంటికి వచ్చి మామను పిలిచాడట. తాడు కొత్తది, ఐదు బారలది. దాని రెండో కొసను తన మణికట్టుకు కట్టుకున్నది ఆ కుర్రవాడే, ఎవరూ చెప్పకుండానే. ఆ రోజు కేక వేసే సమయానికి వాడు ఒకటి గుంజితే మామ బందూకు జట్టులో అందరికంటే ముందు ఆకాశానికి తిరిగిందట. చెవులున్నవాళ్లు ఇంకా కేక వింటూనే ఉన్నారట. ఆ తర్వాత రెండో తరుములో దుప్పి పడింది, మామ దెబ్బకే.

పోగులు పెట్టారు. నడిచిన మనిషికల్లా ఒకటి, మామకు కూడా ఒకటి. బందూకుకు ఒకటి, కుక్కలకు ఒకటి, కూచున్నవాళ్లకు ఒక్కొక్కటి. అంతా అయ్యాక జట్టు పెద్ద ఇంకొకటి విడిగా తీసి పక్కన పెట్టాడట. ఇది ఎవరిదని అడిగారట.

“గిది తాడుది. ల్యాంపు రూమోనికి పంపుండ్రి.”

ఆ పోగును మామే వచ్చి చేతుల్లోకి తీసుకుని, టేకాకులో చుట్టి, ఇంటికి మోసుకుపోయాడట.